కర్నూలు–కడప రహదారులపై నిత్యప్రయాణం: కాయిలోవర్ సస్పెన్షన్ సర్దుబాటు – వివరణాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

కారు ఎత్తును, ఊగును యజమాని స్వయంగా మార్చుకునే వీలున్న సస్పెన్షన్ సాధనం కాయిలోవర్. పందెపు కార్ల నుంచి వచ్చిన ఈ సాధనాన్ని నిత్యప్రయాణపు కార్లకు అమర్చుకునేవారు ఎక్కువగా కారు రూపాన్ని ప్రమాణంగా తీసుకొని ఎత్తు తగ్గిస్తారు. కర్నూలు, కడప ప్రాంతాల రోడ్లపై ఇది ప్రయాణికుల భద్రతకు సంబంధించిన సమస్య అవుతుంది. స్ప్రింగ్ గట్టిదనం, కారు ఎత్తు, డ్యాంపర్ బిగువు అనే మూడు అంశాలు వేర్వేరని, నిత్యప్రయాణానికి వాటిని నిర్ణయించవలసిన ప్రమాణం నిండు బరువుతో ఉన్న కారులో చక్రానికి మిగిలే కదలిక నిడివి అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. ఆ ప్రతిపాదనను నమూనా లెక్కలతో, స్థానిక రహదారుల స్వభావంతో సమన్వయించి వివరిస్తుంది.

కీలకపదాలు: కాయిలోవర్, డ్యాంపర్, సహజ పౌనఃపున్యం, ప్రీలోడ్, స్పీడ్‌బ్రేకర్, నల్లరేగడి నేల, రాయలసీమ రహదారులు.

1. ప్రవేశిక

కర్నూలు నుంచి కడపకు సుమారు 200 కిలోమీటర్లు. 40వ నంబరు జాతీయ రహదారి ఓర్వకల్లు, నంద్యాల, ఆళ్లగడ్డ, చాగలమర్రి, మైదుకూరు మీదుగా ఈ రెండు నగరాలను కలుపుతుంది. రహదారి వరకు ప్రయాణం సాఫీగానే సాగుతుంది. అయితే నిత్యప్రయాణం రహదారిపైనే మొదలై రహదారిపైనే ముగియదు. ఇంటి ముందరి సందు, ఊరి మొదట్లో స్థానికులు వేసుకున్న స్పీడ్‌బ్రేకర్, నల్లరేగడి పొలాల మధ్య అలలు తేలిన తారురోడ్డు, కడప–రాయచోటి మధ్య గువ్వలచెరువు ఘాట్, నంద్యాల–గిద్దలూరు మధ్య నల్లమల మలుపులు, ఇవన్నీ ఆ ప్రయాణంలో భాగాలే. ఉదయం ఒక్కరే కళాశాలకు వెళ్లే కారు సాయంత్రానికి అయిదుగురిని, వారి సామానును మోయవలసి రావచ్చు.

ఇటువంటి పరిస్థితుల్లో కారు సస్పెన్షన్‌ను మార్చుకోవాలనుకునేవారికి ముందు ఎదురయ్యే ప్రశ్న ‘ఎంత దించాలి?’ అనేది. ఈ ప్రశ్నలోనే లోపం ఉన్నది. కారును దించడం వలన చూపునకు కలిగే మార్పు వెంటనే తెలుస్తుంది. దానికోసం చక్రం కోల్పోయిన కదలిక మాత్రం గుంతలో పడినప్పుడే తెలుస్తుంది. ‘ఎంత కదలిక మిగలాలి?’ అని ముందుగా ప్రశ్నించుకుంటే మిగిలిన నిర్ణయాలన్నీ ఒక క్రమంలోకి వస్తాయి. ఆ క్రమాన్ని నిరూపించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. నిర్మాణం – పరిభాష

తెలుగునాట వాహనాల స్ప్రింగులకు అందరికీ తెలిసిన పాతమాట ‘కమాను’. విల్లు అని అర్థమిచ్చే పారసీక పదం ఇది. జట్కాబండి కింద విల్లులా వంగిన ఉక్కుపట్టీలకు ఈ పేరు చక్కగా అమరింది. నేటికీ లారీలు, బస్సుల పట్టీ స్ప్రింగులను కమాన్ కట్టలనే అంటున్నారు. కార్లలో పట్టీల స్థానాన్ని చుట్ట స్ప్రింగులు ఆక్రమించాయి. ఉక్కు కడ్డీని చుట్టలుగా చుట్టి చేసిన స్ప్రింగే చుట్ట స్ప్రింగ్.

స్ప్రింగ్ ఒక్కటే ఉంటే కారు ఒకసారి ఊగడం మొదలుపెట్టిన తరువాత చాలాసేపు ఊగుతూనే ఉంటుంది. ఆ ఊగును అణచేది డ్యాంపర్. మెకానిక్కులు దీనిని షాకబ్జర్ అంటారు. లోపల నూనె, ఆ నూనెలో కదిలే పిస్టన్, పిస్టన్‌లో సన్నని రంధ్రాలు, వాటిపై కవాటాలు ఉంటాయి. నూనె ఆ రంధ్రాల గుండా నెట్టుకొని పోవడంలో ఊగు శక్తి వేడిగా మారిపోతుంది. భౌతికశాస్త్ర పరిభాషలో చెప్పాలంటే స్ప్రింగ్ డోలనాన్ని కలిగిస్తుంది, డ్యాంపర్ దానిని అవరుద్ధ డోలనంగా మారుస్తుంది.

డ్యాంపర్ చుట్టూ స్ప్రింగ్‌ను అమర్చి రెండింటినీ ఒకే ఏకాంగంగా చేసినదే కాయిలోవర్. ఈ అమరిక కొత్తదేమీ కాదు. అమెరికన్ ఇంజనీరు ఎర్ల్ మెక్‌ఫర్సన్ పేరుతో ప్రసిద్ధమైన స్ట్రట్‌లోనూ స్ప్రింగ్, డ్యాంపర్ ఒకే అక్షం మీద ఉంటాయి. 1950వ దశకం ఆరంభంలో ఫోర్డ్ కాన్సుల్ వంటి కార్లతో వ్యాపించిన ఈ అమరికే నేడు మన రోడ్ల మీది చిన్న కార్లలో చాలావాటికి ముందు భాగంలో కనిపిస్తుంది. మార్కెట్లో కాయిలోవర్ అన్న పేరుతో అమ్మే సాధనానికి అదనంగా ఉన్నది సర్దుబాటు గుణం. డ్యాంపర్ గొట్టంపై మరలు తీసి, ఆ మరలపై పైకీ కిందికీ తిరిగే కాలర్‌ను అమర్చుతారు. స్ప్రింగ్ ఆ కాలర్‌పై కూర్చుంటుంది. కొన్నింటిలో డ్యాంపర్ బిగువును మార్చే చిన్న మీట కూడా ఉంటుంది. అది తిరిగేటప్పుడు వినిపించే ‘క్లిక్’ శబ్దమే దాని కొలమానం.

చాలా చిన్న కార్లలో వెనుక భాగపు నిర్మాణం భిన్నంగా ఉంటుంది. అక్కడ స్ప్రింగ్ ఒకచోట, డ్యాంపర్ మరొకచోట ఉంటాయి. కాయిలోవర్ సెట్టుగా అమ్మినప్పటికీ అటువంటి కార్ల వెనుక భాగానికి విడి స్ప్రింగ్, ఎత్తు మార్చే విడి దిమ్మ, విడి డ్యాంపర్ వస్తాయి. ముందు, వెనుక భాగాలకు ఒకే సూత్రం గుడ్డిగా వర్తించదనడానికి ఇది మొదటి హెచ్చరిక.

3. స్ప్రింగ్ గట్టిదనం – సహజ పౌనఃపున్యం

స్ప్రింగ్‌ను ఒక మిల్లీమీటరు నొక్కడానికి ఎన్ని న్యూటన్ల బలం కావాలో అదే దాని గట్టిదనం. హుక్ నియమం ప్రకారం సమగతి స్ప్రింగ్‌లో ఈ విలువ మారదు. ఈ గట్టిదనాన్ని, దానిపై ఆనిన ద్రవ్యరాశిని కలిపి చూస్తే కారు బాడీ సహజంగా సెకనుకు ఎన్నిసార్లు ఊగుతుందో తెలుస్తుంది. గట్టిదనాన్ని ద్రవ్యరాశితో భాగించి, వర్గమూలం తీసి, దానిని 6.283తో భాగిస్తే సహజ పౌనఃపున్యం వస్తుంది.

ఒక నమూనా కారును తీసుకుందాం. ముందు చక్రం ఒక్కొక్కదానిపై ఆనే బాడీ ద్రవ్యరాశి 300 కిలోగ్రాములు, చక్రం వద్ద స్ప్రింగ్ గట్టిదనం మిల్లీమీటరుకు 20 న్యూటన్లు అనుకుంటే సహజ పౌనఃపున్యం 1.30 హెర్ట్జ్. సాధారణ ప్రయాణికుల కార్లు దాదాపు 1 నుంచి 1.5 హెర్ట్జ్ మధ్య ఉంటాయి. మనిషి నడక లయకు ఇది దూరం కాదు. అదే కారుకు పందెపు దృష్టితో మిల్లీమీటరుకు 60 న్యూటన్ల స్ప్రింగ్ వేస్తే పౌనఃపున్యం 2.25 హెర్ట్జ్‌కు పెరుగుతుంది. కూర్చున్న మనిషి శరీరం 4 నుంచి 8 హెర్ట్జ్ మధ్య నిలువు కంపనాలకు ఎక్కువగా స్పందిస్తుంది. స్ప్రింగ్ గట్టిపడేకొద్దీ ఆ శ్రేణిలోని కుదుపులు సీటుదాకా ఎక్కువగా చేరతాయి.

ముందు, వెనుక భాగాల మధ్య సంబంధం కూడా ముఖ్యమైనదే. 1930వ దశకంలో జనరల్ మోటార్స్‌లో పనిచేసిన మారిస్ ఓలీ దీనిని స్పష్టం చేశారు. ఎత్తైన అడ్డును ముందు చక్రాలు ముందుగా దాటుతాయి, వెనుక చక్రాలు ఆ తరువాత దాటుతాయి. చక్రాల మధ్య దూరం 2.5 మీటర్లు, వేగం గంటకు 60 కిలోమీటర్లు అయితే ఈ ఆలస్యం 0.15 సెకన్లు. వెనుక భాగం కొంచెం త్వరగా ఊగితే ముందుభాగపు ఊగును అందుకుంటుంది, కారు ముందుకు వెనుకకు తూగకుండా సమంగా కుదుటపడుతుంది. అందుకే వెనుక పౌనఃపున్యం ముందుదానికన్న కొంత ఎక్కువగా ఉంచడం పరిపాటి. ముందు స్ప్రింగులను మాత్రమే గట్టివిగా మార్చుకున్న కారులో ఈ క్రమం తలకిందులవుతుంది. స్పీడ్‌బ్రేకర్ దాటిన ప్రతిసారీ కారు తల ఊపడానికి ఒక కారణం ఇదే.

4. ఎత్తు – ప్రీలోడ్ – కదలిక నిడివి

కాలర్‌ను పైకి తిప్పితే స్ప్రింగ్ గట్టిపడుతుందన్న అభిప్రాయం విస్తృతంగా ఉన్నది. ఇది సరికాదు. చక్రం గాలిలో వేలాడుతున్నప్పుడు స్ప్రింగ్‌లో ముందే ఉన్న నొక్కుడును ప్రీలోడ్ అంటారు. కాలర్‌ను 10 మిల్లీమీటర్లు పైకి తిప్పితే ప్రీలోడ్ పెరుగుతుంది. కారును నేలపై దించినప్పుడు స్ప్రింగ్ మోయవలసిన బరువు మారలేదు గనుక అది మునుపటి పొడవుకే నొక్కుకుంటుంది. ఫలితంగా కారు అంత మేరకు పైకి లేస్తుంది. మారినది ఎత్తే గాని గట్టిదనం కాదు. కారు బరువును మించి ప్రీలోడ్ ఇచ్చినప్పుడు మాత్రమే చిన్న కుదుపులకు స్ప్రింగ్ కదలక కారు మొండిగా అనిపిస్తుంది.

ఇక్కడ రెండు రకాల నిర్మాణాలను వేరుచేసి చూడాలి. మొదటి రకంలో కాలర్ ఒక్కటే ఎత్తును మారుస్తుంది. కాలర్ దించితే కారు దిగుతుంది, దానితోపాటు డ్యాంపర్ పిస్టన్ కూడా తన అడుగుకు దగ్గరవుతుంది. రెండవ రకంలో డ్యాంపర్ గొట్టాన్ని పట్టుకునే కింది బిగింపు కూడా మరలపై తిరుగుతుంది. దానితో ఎత్తును మార్చినప్పుడు డ్యాంపర్ లోపలి కదలిక చెక్కుచెదరదు. అయినా టైరుకు, మడ్‌గార్డుకు మధ్య, కారు అడుగుకు, నేలకు మధ్య ఖాళీ తగ్గక తప్పదు.

మొదటి రకానికి ఒక లెక్క చూద్దాం. వెనుక చక్రానికి మొత్తం కదలిక 160 మిల్లీమీటర్లు అనుకుందాం. డ్రైవరు ఒక్కరే ఉన్నప్పుడు పైకి నొక్కుకోవడానికి 100, కిందికి జారడానికి 60 మిల్లీమీటర్లు మిగిలి ఉన్నాయి. యజమాని కారును 40 మిల్లీమీటర్లు దించాడు. నొక్కుకునే నిడివి 60కి పడిపోయింది. వెనుక ఇరుసుపై మనుషులు, సామాను కలిపి 200 కిలోగ్రాములు చేరితే ఒక్కొక్క చక్రంపై 100 కిలోగ్రాములు, అంటే 981 న్యూటన్లు పెరుగుతాయి. చక్రం వద్ద గట్టిదనం మిల్లీమీటరుకు 25 న్యూటన్లు అయితే కారు వెనుక భాగం మరో 39 మిల్లీమీటర్లు దిగుతుంది. ఇక మిగిలినది 21 మిల్లీమీటర్లు.

బొటనవేలి వెడల్పు కంటే పెద్దగా ఎక్కువకాని ఆ కొద్ది నిడివిలోనే గుంతలన్నిటినీ మింగాలి. అది చాలనప్పుడు బరువంతా బంప్‌స్టాప్ అనే రబ్బరు అడ్డుపై పడుతుంది. ఆ క్షణంలో స్ప్రింగ్ ఉన్నా లేనట్టే. మలుపులో ఇలా జరిగితే ఆ చక్రంపై భారం ఒక్కసారిగా పెరిగి టైరు పట్టు తప్పవచ్చు. రోజూ ఒంటరిగా నడిపే యజమానికి ఈ లోపం కనిపించదు. కుటుంబమంతా ఎక్కిన రోజే అది బయటపడుతుంది.

5. స్థానిక రహదారుల స్వభావం

5.1 స్పీడ్‌బ్రేకర్లు

భారతీయ రోడ్ల కాంగ్రెస్ 1988లో వెలువరించిన 99వ సంఖ్య మార్గదర్శకం స్పీడ్‌బ్రేకర్‌కు ఒక ఆకారాన్ని నిర్దేశించింది. 17 మీటర్ల వ్యాసార్ధం గల వృత్తఖండం, 3.7 మీటర్ల వెడల్పు, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తు దాని కొలతలు. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో దాటడానికి ఇది ఉద్దేశించినది.

చక్రాల మధ్య 2.5 మీటర్ల దూరమున్న కారు దీని నడుమకు వచ్చినప్పుడు నాలుగు చక్రాలూ దిమ్మ వాలుపైనే ఉంటాయి. చక్రాలు ఆనిన చోట దిమ్మ ఎత్తు సుమారు 55 మిల్లీమీటర్లు, నడుమ సుమారు 101 మిల్లీమీటర్లు. అంటే కారు అడుగుభాగం వైపు దిమ్మ చొచ్చుకువచ్చేది 46 మిల్లీమీటర్లే. ప్రామాణిక స్పీడ్‌బ్రేకర్ పేరుకు 10 సెంటీమీటర్లు ఎత్తున్నా కారును అడుగున తాకదు.

ఊళ్లలో కనిపించే పొట్టి దిమ్మల సంగతి వేరు. మీటరు వెడల్పు కూడా లేని దిమ్మకు ముందు చక్రాలు అటువైపు, వెనుక చక్రాలు ఇటువైపు సమతలంపై నిలుస్తాయి. అప్పుడు దిమ్మ ఎత్తంతా కారు అడుగుభాగానికే ఎదురవుతుంది. మన నమూనా కారుకు డ్రైవరు మాత్రమే ఉన్నప్పుడు అడుగున 170 మిల్లీమీటర్ల ఖాళీ ఉన్నదనుకుందాం. వెనుక బరువు చేరి వెనుక భాగం 39 మిల్లీమీటర్లు దిగితే నడిభాగం సుమారు 20 మిల్లీమీటర్లు దిగి ఖాళీ 150 అవుతుంది. కారును ముందే 40 మిల్లీమీటర్లు దించి ఉంటే 110 మాత్రమే. 120 మిల్లీమీటర్ల పొట్టి దిమ్మను మొదటి కారు 30 మిల్లీమీటర్ల తేడాతో దాటుతుంది. రెండవది 10 మిల్లీమీటర్ల మేర ఒరుసుకుపోతుంది. కారు కదులుతూ ఊగుతున్నప్పుడు పరిస్థితి ఇంకా విషమిస్తుంది. అడుగున ఉండే ఆయిల్ సంప్, పొగగొట్టం, బ్రేకు గొట్టాలు ఆ దెబ్బకు గురికావచ్చు. అందువలన ఎత్తును నిర్ణయించేటప్పుడు ప్రామాణిక దిమ్మను గాక, రోజువారీ దారిలోని అతి కఠినమైన పొట్టి దిమ్మను కొలతగా తీసుకోవాలి.

5.2 నల్లరేగడి నేలలు

కర్నూలు–కడప కాలువ పారే మైదానంలోనూ, నంద్యాల పరిసరాల్లోనూ నల్లరేగడి విస్తారంగా ఉన్నది. ఈ నేలలోని బంకమన్ను వానకు ఉబ్బుతుంది, ఎండకు కుదించుకొని నెర్రెలు బారుతుంది. పునాదికి తగిన శుద్ధి లేకుండా వేసిన తారురోడ్డు కాలక్రమంలో అలలు తేలుతుంది. పైకి గుంతలు కనిపించకపోయినా కారు పడవలా తేలుతూ దిగుతూ సాగుతుంది.

ఈ అలలకు లెక్క ఉన్నది. అల నిడివి 15 మీటర్లు, వేగం గంటకు 72 కిలోమీటర్లు అంటే సెకనుకు 20 మీటర్లు అయితే, రోడ్డు కారును సెకనుకు 1.33 సార్లు ఊపుతుంది. మన నమూనా కారు సహజ పౌనఃపున్యం 1.30 హెర్ట్జ్. రెండూ దాదాపు కలిసినప్పుడు అనునాదం ఏర్పడి ఊగు అలఅలకూ పెరుగుతుంది. స్ప్రింగ్‌ను 60 న్యూటన్లకు మార్చినంత మాత్రాన అనునాదం పోదు. 7.4 మీటర్ల అలలపై గంటకు 60 కిలోమీటర్ల వేగం వద్దకు అది జరుగుతుంది, అంతే. అనునాదంలో ఊగును అదుపు చేసేది డ్యాంపర్. వేగం తగ్గించడం అన్నిటికన్న సులభమైన ఉపాయం.

5.3 ఘాట్లు, ఎండ, దుమ్ము

గువ్వలచెరువు ఘాట్‌లో దిగుతూ మలుపులో బ్రేకు వేసినప్పుడు బరువు ముందు బయటి చక్రం వైపు జరుగుతుంది. కదలిక నిడివి తరిగిపోయిన కారులో ఆ చక్రమే ముందుగా బంప్‌స్టాప్‌ను తాకుతుంది. కారు దిగితే గురుత్వ కేంద్రం దిగుతుంది గనుక పక్కకు ఒరగడం తప్పక తగ్గుతుందనుకోవడం కూడా తొందరపాటే. మెక్‌ఫర్సన్ అమరికలో కారును దించితే కింది చేతుల కోణం మారి, కారు ఏ బిందువు చుట్టూ ఒరుగుతుందో ఆ బిందువు గురుత్వ కేంద్రంకన్న ఎక్కువగా దిగిపోతుంది. రెండింటి మధ్య దూరం పెరుగుతుంది. స్ప్రింగులు మారకపోతే ఒరుగు తగ్గడానికి బదులు పెరిగే అవకాశమున్నది.

వేసవిలో ఈ ప్రాంతపు ఉష్ణోగ్రతలు 40 డిగ్రీల సెల్సియస్ దాటడం సాధారణం. వేడికి నూనె స్నిగ్ధత తగ్గుతుంది, డ్యాంపర్ బిగువు సడలుతుంది. ఉదయపు చల్లదనంలో చేసిన సర్దుబాటు మధ్యాహ్నం వదులుగా అనిపించవచ్చు. బేతంచెర్ల, ఎర్రగుంట్ల వైపు నాపరాళ్ల, సిమెంటు లారీలు తిరిగే దారుల్లో రాతిదుమ్ము కాలర్ మరల్లో చేరి నూనెతో కలిసి గట్టిపడుతుంది. ఏడాదిపాటు తాకని కాలర్ ఆ తరువాత తిరగకపోవడానికి ఇదొక కారణం. నూనెకు బదులు పొడి కందెన పూయడం, నెలకొకసారి మరలను కుంచెతో శుభ్రపరచడం ఉత్తమం.

6. సర్దుబాటు క్రమం

పై చర్చ ఆధారంగా నిత్యప్రయాణపు సర్దుబాటును స్ప్రింగ్, ఎత్తు, జ్యామితి, డ్యాంపర్ అన్న వరుసలో చేయాలి. ఈ వరుస తప్పితే ఒక దశలోని లోపాన్ని మరో దశలో కప్పిపుచ్చడమే అవుతుంది.

6.1 స్ప్రింగ్ ఎంపిక: కారు ఎక్కువగా మోసే బరువును బట్టి స్ప్రింగ్‌ను ఎంచుకోవాలి. మన నమూనా కారు వెనుక చక్రంపై ఖాళీగా 220 కిలోగ్రాములు, నిండుగా 320 కిలోగ్రాములు ఉన్నాయనుకుందాం. 25 న్యూటన్ల స్ప్రింగ్‌తో పౌనఃపున్యం 1.70 నుంచి 1.41 హెర్ట్జ్‌కు దిగుతుంది. 40 న్యూటన్ల స్ప్రింగ్‌తో నిండు బరువుకు దిగుడు 39 నుంచి సుమారు 25 మిల్లీమీటర్లకు తగ్గుతుంది, కాని ఖాళీ కారు 2.15 హెర్ట్జ్‌తో ఎగిరెగిరి పడుతుంది. తరచు అయిదుగురు ప్రయాణించే కారుకు రెండవది కొంత అర్థవంతం. ఒక్కరే నడిపే కారుకు మొదటిదే మేలు.

6.2 ఎత్తు: సమతలమైన నేలపై కారును నిలిపి, టైర్లు చల్లగా ఉన్నప్పుడు గాలి సరిచూసి, డ్రైవరు సీటులో మనిషి కూర్చుని ఉండగా నాలుగు చక్రాల వద్ద నాభి నుంచి మడ్‌గార్డ్ అంచు వరకు కొలవాలి. మార్పు చేసిన ప్రతిసారీ కారును కొద్ది మీటర్లు ముందుకు వెనుకకు నడిపిన తరువాతనే కొలవాలి. లేకపోతే జాకీ దించిన టైర్ల బిగింపు వలన తప్పు కొలత వస్తుంది. ఆ తరువాత నిండు బరువుతో మరోసారి కొలవాలి. నొక్కుకునే నిడివి మొత్తం కదలికలో దాదాపు మూడింట రెండు వంతులుగా ఉండడం రోడ్డు కారుకు మంచి ప్రారంభస్థానం. డ్యాంపర్ కడ్డీపై చిన్న రబ్బరు చుట్టును తొడిగి రోజువారీ దారిలో నడిపితే అది ఎంతవరకు జరిగిందో చూసి, వాడిన నిడివిని కనుగొనవచ్చు. చుట్టు బంప్‌స్టాప్ వరకు జరిగి ఉంటే కారు ఎత్తు చాలలేదని అర్థం.

కారు కిందికి వెళ్లే ముందు జాకీపై మాత్రమే ఆధారపడకుండా స్టాండ్లు పెట్టడం తప్పనిసరి. నొక్కి ఉన్న స్ప్రింగ్‌లో ప్రాణాంతకమైన శక్తి దాగి ఉంటుంది. డ్యాంపర్ పై బిగింపును విప్పే పని అనుభవజ్ఞుడైన మెకానిక్‌కే వదలాలి. సర్దుబాటు పూర్తయ్యాక కాలర్‌కు తోడుగా ఉన్న రెండవ కాలర్‌ను గట్టిగా బిగించాలి. సస్పెన్షన్ చేతుల రబ్బరు బుష్‌ల బోల్టులను కారు బరువు చక్రాలపై ఉన్నప్పుడే బిగించాలి. వేలాడుతుండగా బిగిస్తే బుష్‌లు నిత్యం మెలితిరిగి ఉండి త్వరగా చినుగుతాయి.

6.3 జ్యామితి: ఎత్తు మారితే చక్రాల వంపు, వాటి ముందుచూపు, అంటే క్యాంబర్, టో మారతాయి. టో తప్పిన కారు కొత్త టైర్లను కొద్ది వేల కిలోమీటర్లలోనే ఒకవైపు అరగదీస్తుంది. అందుకని వీల్ అలైన్‌మెంట్‌ను ఎత్తు ఖరారైన తరువాతనే చేయించాలి. స్టీరింగ్‌ను రెండువైపులా పూర్తిగా తిప్పి బ్రేకు గొట్టాలు, ఏబీఎస్ తీగలు లాగబడుతున్నాయేమో చూడాలి. ముందు, వెనుక ఎత్తుల నిష్పత్తి మారితే దీపాల కాంతి దిశ కూడా మారుతుంది. రాత్రివేళ ఎదురువచ్చే వాహనదారుని కళ్లలో కాంతి పడకుండా దీపాలను సరిచేయడం సామాజిక బాధ్యత.

6.4 డ్యాంపర్: మీటను పూర్తిగా బిగించి, అక్కడినుంచి వెనక్కు లెక్కపెట్టడం సర్వసాధారణ పద్ధతి. మధ్యస్థానంతో మొదలుపెట్టి, ఒకే దారిలో, ఒకే వేగంతో, ఒకే బరువుతో నడిపి, ఒకసారికి రెండు క్లిక్కులు మాత్రమే మార్చాలి. స్పీడ్‌బ్రేకర్ దాటాక కారు రెండు మూడు సార్లు ఊగితే బిగువు చాలలేదు. ఒక్కసారి లేచి కుదుటపడితే సరిపోయింది. చిన్న గతుకులే చేతికి, నడుముకు తగులుతుంటే బిగువు ఎక్కువైంది.

బిగువు మితిమీరితే మరో ప్రమాదమున్నది. ఒకే మీట గల డ్యాంపర్లలో అది ఎక్కువగా స్ప్రింగ్ తిరిగి చాచుకునే కదలికనే నిరోధిస్తుంది. వరుస గతుకులపై చక్రం నొక్కుకొని, మళ్లీ చాచుకునేలోగానే తరువాతి గతుకు వస్తుంది. గతుకు గతుకుకూ కారు కిందికి కుంగుతూ పోయి చివరకు బంప్‌స్టాప్‌పై నిలుస్తుంది. మెత్తని కారు ఎందుకింత మొండిగా మారిందో తెలియక యజమాని ఇంకా బిగిస్తాడు. నిజానికి వదులు చేయవలసిన సందర్భమది.

బరువు, గట్టిదనం మారితే ఒకే క్లిక్ స్థానం ఒకే ఫలితాన్నివ్వదు. వెనుక ద్రవ్యరాశి 220 నుంచి 320 కిలోగ్రాములకు పెరిగితే అవరోధ నిష్పత్తి సుమారు 17 శాతం తగ్గుతుంది. స్ప్రింగ్‌ను 25 నుంచి 40 న్యూటన్లకు మారిస్తే సుమారు 21 శాతం తగ్గుతుంది. కాబట్టి దూరప్రయాణానికి నిండు బరువుతో బయలుదేరే ముందు వెనుక డ్యాంపర్లను కొద్దిగా బిగించడం, తిరిగివచ్చాక పాత స్థానానికి తేవడం సహేతుకం. ప్రతి మార్పును తేదీతో, ఎత్తులతో, క్లిక్కుల సంఖ్యతో ఒక పుస్తకంలో రాసుకుంటే పొరపాటును వెనక్కు తీసుకునే దారి ఉంటుంది.

7. చట్టపరమైన పరిమితి

మోటారు వాహనాల చట్టం 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు మొదట నిర్దేశించిన వివరాలకు భిన్నమయ్యేలా యజమాని వాహనాన్ని మార్చరాదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ నిబంధనను గట్టిగా సమర్థించింది. అదే సంవత్సరపు సవరణ చట్టం ద్వారా వచ్చిన 182ఏ సెక్షన్, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరునెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ విధించే వీలు కల్పించింది. సస్పెన్షన్ భాగాలను కొనడానికి ముందే రవాణాశాఖ కార్యాలయాన్ని, బీమా సంస్థను లిఖితపూర్వకంగా సంప్రదించడం వివేకం. ప్రమాదం జరిగిన తరువాత బీమా పరిహారంపై వివాదం తలెత్తితే నష్టపోయేది కారు యజమాని మాత్రమే కాదు, అందులో ప్రయాణించినవారు, ఎదురుగా వచ్చినవారు కూడా.

తయారీదారు ఇచ్చిన స్ప్రింగులు, డ్యాంపర్లు బాగుంటే నిత్యప్రయాణానికి అవే చాలినంత సమర్థమైనవి. అరిగిన డ్యాంపర్లను, చినిగిన బుష్‌లను అదే ప్రమాణం గల కొత్తవాటితో మార్చడం వలన కలిగే మేలు, కొత్తరకం సాధనం వలన కలిగే మేలుకన్న చాలాసార్లు ఎక్కువ. కాయిలోవర్ అవసరమా అన్న ప్రశ్నకు ముందు, ఉన్న సస్పెన్షన్ ఆరోగ్యంగా ఉన్నదా అన్న ప్రశ్న రావాలి.

8. ముగింపు

ఈ పరిశీలనలో తేలిన అంశాలు:

1. స్ప్రింగ్ గట్టిదనం, కారు ఎత్తు, డ్యాంపర్ బిగువు వేర్వేరు అంశాలు. కాలర్ తిప్పడం వలన గట్టిదనం మారదు, ఎత్తు మారుతుంది.

2. కారును దించడమంటే గుంతను మింగే కదలికను అంత మేరకు వదులుకోవడం. నమూనా కారులో 40 మిల్లీమీటర్ల దించుడు, నిండు బరువు కలిసి 100 మిల్లీమీటర్ల కదలికను 21కి తగ్గించాయి.

3. ప్రామాణిక స్పీడ్‌బ్రేకర్‌కన్న పొట్టి దిమ్మ కారు అడుగుభాగానికి ఎక్కువ ప్రమాదకరం. ఎత్తుకు కొలత రోజువారీ దారిలోని అతి కఠినమైన దిమ్మే.

4. నల్లరేగడి రోడ్ల అలలపై వచ్చే అనునాదానికి గట్టి స్ప్రింగ్ పరిష్కారం కాదు. తగిన డ్యాంపర్ బిగువు, తగిన వేగం పరిష్కారాలు.

5. సర్దుబాటుకు సరైన వరుస స్ప్రింగ్, ఎత్తు, జ్యామితి, డ్యాంపర్. పరీక్ష మాత్రం నిండు బరువుతోనే జరగాలి.

పందెపు మార్గంలో కారుకు తెలిసిన రోడ్డు, తెలిసిన బరువు, ఒకే ఒక లక్ష్యం ఉంటాయి. కర్నూలు నుంచి కడపకు వెళ్లే కుటుంబపు కారుకు ఈ మూడూ రోజురోజుకూ మారుతుంటాయి. అటువంటి కారుకు చేసిన సర్దుబాటు మంచిదో కాదో తేలేది వెనుక సీటులో కూర్చున్న పెద్దవారు స్పీడ్‌బ్రేకర్ దాటేటప్పుడు ముందు సీటును పట్టుకోవలసి వచ్చిందా లేదా అన్నదానిపైనే.